ఆపే చెయ్యి

బ్యాడ్మింటన్ చూడ్డానికి ఇండోర్ స్టేడియానికి వెళ్లినవాళ్ల కళ్లు కోర్టు మీదే ఉంటాయి. మ్యాచ్‌కు అరగంట ముందు వెళ్లినవాళ్లకు మాత్రం గోడవారగా ఇంకో దృశ్యం కనిపిస్తుంది. కిటికీ ఊచకు ఒక రబ్బరు పట్టీ కట్టి ఉంటుంది. పదిహేను, పదహారేళ్ల కుర్రాడొకడు మోచేతికీ పక్కటెముకలకూ మధ్య చుట్టిన తువ్వాలు ఇరికించుకుని, ఆ పట్టీని మెల్లగా బయటివైపు లాగుతుంటాడు. జానెడు దూరం లాగాలి. లాగినదానికన్నా మెల్లగా వెనక్కి వదలాలి. తువ్వాలు కింద పడకూడదు. అంతే.

చెమట పట్టదు, ఆయాసం రాదు. పక్కన స్కిప్పింగ్ చేస్తున్న పిల్లల మధ్య వాడు ఊరికే కాలక్షేపం చేస్తున్నట్టుంటాడు. కాస్త దగ్గరికెళ్లి ముఖం చూస్తే తెలుస్తుంది. పదోసారి లాగేటప్పటికి కింది పెదవి పళ్ల మధ్యకు పోతుంది. ఇంకో రెండుసార్లకు చెయ్యి సన్నగా వణుకుతుంది. పక్కన నిలబడ్డ ఫిజియో అప్పుడు, “చాలు, ఆపెయ్” అంటారు.

“ఇంకో మూడు చేస్తాను సార్.”

“వద్దు నాన్నా. వణికాక చేసింది లెక్కలోకి రాదు.”

భుజం దెబ్బతిన్న ఆటగాడు మళ్లీ ఆటలోకి రావడమంటే మొదట్లో ఇలాగే ఉంటుంది. చేస్తానన్నవాణ్ని ఇంకొకరు వద్దని ఆపుతుంటారు. తల మీదుగా చెయ్యెత్తి కొట్టే, విసిరే ఆటలన్నిటిలోనూ ఇదే తంతు. బ్యాడ్మింటన్, టెన్నిస్, వాలీబాల్, జావెలిన్, బేస్‌బాల్ ఆటగాళ్లు, మన క్రికెట్ బౌలర్లు, చివరికి ఈతగాళ్లు కూడా ఈ రబ్బరు పట్టీ దగ్గరికి రావలసినవాళ్లే.

బడిలో నిమ్మకాయ చెంచా పందెం ఆడనివాళ్లు మనలో తక్కువ. భుజం కీలు దాదాపు ఆ చెంచాలో నిమ్మకాయే. చేతి ఎముక తల గుండ్రంగా పెద్దగా ఉంటుంది. దాన్ని పట్టుకోవలసిన గుంటకు లోతు తక్కువ. ఏ క్షణంలో చూసినా ఆ గుండ్రటి తలలో నాలుగోవంతో, మూడోవంతో మాత్రమే గుంటను ఆనుకుని ఉంటుంది. తుంటి కీలు అలా కాదు, లోతైన గుంటలో కుదురుగా కూర్చుంటుంది. అందుకే అది అంత తేలిగ్గా తప్పుకోదు, భుజంలా ఎటంటే అటు తిరగనూ తిరగదు. చెయ్యి వీపు గోక్కోవడానికి, అటక మీది డబ్బా అందుకోవడానికి, బిడ్డను ఎత్తుకోవడానికి కూడా వీలుగా ఉందంటే, ఆ స్వేచ్ఛ కోసం కీలు తన నిలకడను కొంత వదులుకోబట్టే.

మరి నిమ్మకాయ కింద పడకుండా చూసేదెవరు? చుట్టూ అల్లుకున్న నాలుగు చిన్న కండరాలు. వైద్యులు వాటిని రొటేటర్ కఫ్ అంటారు. జిమ్ముకెళ్లి అద్దం ముందు నిలబడేవాళ్లకు ఇవి కనిపించవు. వీటిని పెంచి చూపించుకోవడం కుదరదు. ఉన్నాయని తెలిసేది పాడైనప్పుడే.

ఈ నాలుగింటి మీద పడే భారం సామాన్యమైంది కాదు. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో రాకెట్‌ను విడిచి గిన్నిస్ రికార్డుల్లోకెక్కింది. అమెరికాలో బేస్‌బాల్ విసిరేవాళ్ల మీద పరిశోధన చేసినవాళ్లు ఇంకో లెక్క చెప్పారు. బంతి చేతినుంచి జారే ముందు భుజం సెకనుకు 7,000 డిగ్రీలకు పైగా వేగంతో లోపలికి తిరుగుతుందట. అదే వేగంతో ఆగకుండా తిరిగితే సెకనులో 19 చుట్లు పూర్తవుతాయి. మనిషి ఒంట్లో ఇంతకన్నా వేగమైన కదలిక లేదంటారు.

అంత వేగంగా కదిలిన చెయ్యి మరుక్షణంలో ఆగాలి. ఆగకపోతే బంతి వెంట చెయ్యి కూడా పోవాల్సిందే. దాన్ని ఆపే పని భుజం వెనక ఉన్న చిన్న కండరాలది. కొట్టడానికి ఛాతీ ఉంది, వీపు ఉంది, అన్నీ పెద్దపెద్ద కండరాలు. ఆపేవే చిన్నవి. ఏళ్లు గడిచేకొద్దీ కొట్టేవి బలుస్తుంటాయి, ఆపేవి అలసిపోతుంటాయి. భుజం నొప్పి చాలాసార్లు ఆ తేడాలోంచే పుడుతుంది.

స్మాష్ కొట్టగానే మనమందరం షటిల్ వెంట చూస్తాం. షటిల్ వెళ్లిపోయాక చెయ్యి ఏమైందని చూసేవాడు ఫిజియో ఒక్కడే.

ఫిజియోలు చూసేవి చిత్రంగా ఉంటాయి. “ఎలా ఉంది?” అని అడిగితే ఆటగాడు “బానే ఉంది సార్” అంటాడు. టోర్నమెంటు దగ్గర పడుతుంటే ఇంకా బాగుందంటాడు. ఆ మాటను ఫిజియో ఒక చెవితో విని, వాడు చొక్కా ఎలా వేసుకుంటున్నాడో గమనిస్తాడు. నొప్పి ఉన్నవాడు ముందుగా ఆ చేతినే చొక్కాలోకి దూరుస్తాడు. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందొస్తుంది, నొప్పి చెయ్యి ఆఖర్న వస్తుంది. కిట్ బ్యాగు ఏ భుజానికి తగిలించుకున్నాడు, నీళ్ల సీసా పైనుంచి ఏ చేత్తో అందుకున్నాడు, ఇవన్నీ వాళ్లకు సాక్ష్యాలే. నోరు దాచినా భుజం దాచలేదు.

మాకు తెలిసిన ఒక వాలీబాల్ అమ్మాయి సంగతి చెప్పాలి. భుజం పట్టేసి కొన్నాళ్లు ఆటకు దూరమైంది. తలకు నూనె పెట్టుకోవడానికి, జడ వేసుకోవడానికి కూడా చెయ్యి పైకి లేచేది కాదు. అయిదో తరగతి నుంచే తన జడ తనే వేసుకున్న పిల్ల మళ్లీ అమ్మ ముందు పీట మీద కూర్చుంది. రోజూ పొద్దున్నే ఆ పావుగంటలో తల్లీకూతుళ్లు చెప్పుకున్న కబుర్లు అంతకుముందు కొన్నేళ్లలో చెప్పుకోలేదట. చెయ్యి బాగయ్యాక కూడా కొంతకాలం ఆ సంగతి అమ్మకు చెప్పలేదని నవ్వుతూ ఒప్పుకుంది. తల్లికి తెలియలేదంటే మాత్రం నమ్మబుద్ధి కాదు.

దూరంగా ఉన్నన్నాళ్లూ నొప్పికన్నా ఎక్కువగా బాధించేది ఎదురుచూపే. తోటివాళ్లు ఆడుతుంటే గ్యాలరీలో కూర్చోవాలి. ర్యాంకులు కిందికి జారుతుంటాయి. తన స్థానంలోకి వచ్చిన కొత్త పిల్ల బాగానే ఆడుతుంటుంది. ఆమె బాగా ఆడాలనీ ఉంటుంది, మరీ అంత బాగా ఆడకపోతే బాగుండుననీ ఉంటుంది. మనుషులం కదా.

ఆ రోజుల్లో చేయించేవి పెద్ద పనుల్లా కనిపించవు. బల్ల మీద ఒక చెయ్యి ఆనించి ముందుకు వంగి, నొప్పి చేతిని కిందికి వేలాడేసి చిన్న చిన్న సున్నాలు చుట్టించడం ఒకటి. బోస్టన్‌కు చెందిన ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే వైద్యుడి పేరుతో ఇప్పటికీ దాన్ని పిలుస్తారు. భుజం మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1934లో వచ్చింది. ఆటగాళ్లే కాదు, భుజం బిగుసుకుపోయిన మన ఇళ్లలోని పెద్దవాళ్లు కూడా ఫిజియో చెప్పాక వంటింటి గట్టు పట్టుకుని చేసేది ఇదే. ఇంకొకటి, నొప్పి భుజం వైపే ఒత్తిగిల్లి, మోచెయ్యి వంచి, ముంజేతిని పరుపు వైపు మెల్లగా నొక్కడం. విసిరే చెయ్యి కాలం గడిచేకొద్దీ వెనక్కి ఎక్కువ తిరుగుతుంది, లోపలికి తక్కువ తిరుగుతుంది. పోయిన ఆ కాస్త లోపలి తిరుగుడును బతిమాలి వెనక్కి తెచ్చుకోవడానికే ఆ నొక్కుడు. గట్టిగా నొక్కితే నొప్పి పెరుగుతుంది, నొక్కకపోతే ఫలితం ఉండదు. ఎంత నొక్కాలో పుస్తకం చూసి నేర్చుకోలేం.

భుజం నొప్పని వెళితే ఒంటికాలి మీద నిలబెట్టే ఫిజియోలూ ఉన్నారు. పిల్లాడు అయోమయంగా చూస్తాడు, తండ్రి ఇంకా అయోమయంగా చూస్తాడు. డబ్బు కట్టింది భుజానికి కదా! కానీ టెన్నిస్ సర్వీసులో బలం సగం వరకూ కాళ్లలోంచి, నడుములోంచి వస్తుందని క్రీడావైద్యులు లెక్కగట్టారు. మోకాలు సరిగా వంగకపోయినా, తుంటి సరిగా తిరగకపోయినా ఆ లోటు పూడ్చేది భుజమే. ఎక్కడో తగ్గినదాన్ని అది నోరెత్తకుండా కొన్నాళ్లు మోస్తుంది. తర్వాత మొరాయిస్తుంది. నొప్పి ఒకచోట, కారణం ఇంకోచోట అని ఇళ్లలో పెద్దవాళ్లు మనుషుల గురించి అంటుంటారు. భుజాల విషయంలోనూ అది నిజం.

రబ్బరు పట్టీలకు రంగులుంటాయి. పసుపుది తేలిక, ఎరుపుది ఇంకాస్త గట్టిది, ఆ పైన ఆకుపచ్చ, నీలం, నలుపు. పసుపు నుంచి ఎరుపుకు మారిన రోజున రాష్ట్రస్థాయి పతకాలున్న కుర్రాడు కూడా ఇంటికి ఫోన్ చేసి చెబుతాడు. మనకు నవ్వొస్తుంది గానీ, వాడికది చిన్న సంగతి కాదు. తర్వాత షటిల్ లేకుండా ఉత్త రాకెట్‌తో గాల్లో ఆడించడం, ఆ తర్వాత నెట్ దగ్గర మెత్తటి ఆట, ఆపైన వెనక గీతకు లేపి కొట్టడం. స్మాష్ అన్నిటికన్నా చివర. కుర్రాడి మనసు మొదటిరోజు నుంచీ ఆ చివరిదాని మీదే ఉంటుంది. అంతవరకూ వాణ్ని పట్టి ఉంచడంలోనే ఫిజియో నేర్పంతా ఉంది.

భుజమే కాదు, మణికట్టో మోచెయ్యో దెబ్బతిన్న పేరున్నవాళ్లకూ ఈ దారి తప్పలేదు. మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా 2008లో కుడి మణికట్టుతో అవస్థపడింది. బీజింగ్ ఒలింపిక్స్‌లో తొలి రౌండ్ మ్యాచ్ మధ్యలోనే నొప్పి తట్టుకోలేక తప్పుకుంది. ఆ చేత్తోనే 2009 జనవరిలో మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. గాయాల వల్లే తర్వాత సింగిల్స్ వదులుకుంది. 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ రెండింటిలో ఏది ఎక్కువ కష్టమో మనకు తెలియదు గానీ, సింగిల్స్ ఇక చాలనుకున్న నిర్ణయాన్ని తక్కువగా చూడలేం.

నీరజ్ చోప్రాకు 2019లో ముంబైలో మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏడాది దోహాలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆయన లేకుండానే జరిగిపోయింది. 2020 జనవరిలో దక్షిణాఫ్రికాలో 87.86 మీటర్లు విసిరి ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించాడు. 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58 మీటర్లకు బంగారు పతకం వచ్చింది. ఆ సాయంత్రం మనమంతా టీవీల ముందు లేచి నిలబడ్డాం. అక్కడ ఆయన వెంట ఉన్న ఫిజియో ఇషాన్ మార్వాహా పేరు మాత్రం మనలో చాలామందికి తెలియదు. తెలియనందుకు నొచ్చుకోనవసరం లేదు, ఆ వృత్తి తీరే అంత.

అమెరికాలో డాడ్జర్స్ జట్టుకు బంతి విసిరే పిచ్చర్‌గా ఆడిన టామీ జాన్ అనే బేస్‌బాల్ ఆటగాడి కథ క్రీడావైద్యులు ఇష్టంగా చెబుతారు. ఆయన గాయపడడానికి కొన్నేళ్ల ముందు అదే జట్టులో శాండీ కూఫాక్స్ అనే మహా ఆటగాడు మోచేతి నొప్పితో 1966లో, 30 ఏళ్లకే ఆట మానేశాడు. ఆ సీజన్‌లో 27 మ్యాచ్‌లు గెలిచి మరీ మానేశాడు. అప్పట్లో చేయగలిగింది పెద్దగా లేదు. 1974లో టామీ జాన్ మోచేతి లిగమెంట్ తెగింది. సెప్టెంబరు 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆయన రెండో చేతినుంచి ఒక నరంలాంటి కండర బంధాన్ని తీసి తెగినచోట అల్లారు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒక్కటే అని ముందే చెప్పారు. 1975 సీజన్ మొత్తం ఆయన ఆడలేదు. 1976లో తిరిగొచ్చి, 1989 దాకా, 46 ఏళ్ల వయసు వరకూ ఆడాడు. శస్త్రచికిత్స తర్వాత గెలిచిన మ్యాచ్‌లే 164. అంతకుముందు గెలిచినవి 124.

ఆ శస్త్రచికిత్సకు ఆయన పేరే పెట్టారు. మధ్యలో ఏడాదిన్నర పాటు ఆయన పడిన పాటుకు మాత్రం ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

మన ఊళ్లలో ఈ ఫిజియోలూ పట్టీలూ లేని రోజులు మరీ దూరంలో లేవు. సాయంత్రం బడి మైదానంలో రెండు కర్రలు పాతి నెట్టు కట్టేవాళ్లు. సంక్రాంతికి పక్క ఊరితో పందెం. ఎగిరి షాట్ కొట్టేవాడే ఊరికి హీరో. వాడి భుజం పట్టేస్తే పుత్తూరు కట్టు అనేవారు కొందరు, అమృతాంజనం చాలనేవారు కొందరు. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మొదలుపెట్టిన ఆ పచ్చటి మందు తెలుగింటి గూట్లో లేకపోతే అది ఇల్లే కాదు. రాత్రి పడుకోబోయే ముందు అమ్మమ్మ ఆముదం గోరువెచ్చగా చేసి రాసి, వేడి గుడ్డతో కాపడం పెట్టేది. తగ్గిందంటే అందులో ఆముదం వంతెంతో, అమ్మమ్మ చేతి వంతెంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. పైగా ఆవిడ ఇంకో మందు కూడా వేసేది. “పండగ పందేనికి నువ్వెళ్లకపోతే ఊరేం మునిగిపోదు, ఇంట్లో కూర్చో” అనేది. ఇప్పుడు డిగ్రీ చదివి తెల్లకోటు వేసుకున్న పిల్లలు చెబుతున్నదీ కొంతవరకూ అదే మాట. కాకపోతే వాళ్లు ఎన్నాళ్లు కూర్చోవాలో, కూర్చుని ఏం చేయాలో కూడా చెబుతారు. ఆ తేడా పెద్దదే.

తల మీదికి చెయ్యెత్తే పని ఆటగాళ్లకే రాసిపెట్టి లేదు. రేవులో తడిసిన దుప్పటిని తల మీదుగా తిప్పి బండకేసి కొట్టే చెయ్యి, గోడలకు సున్నం కొట్టే చెయ్యి, ముప్పై ఏళ్లు బోర్డు మీద సుద్దముక్కతో రాసిన టీచరమ్మ చెయ్యి, కిక్కిరిసిన బస్సులో పై కడ్డీ పట్టుకునే టికెట్లు కొట్టిన కండక్టరు చెయ్యి, వాటన్నిటిలోనూ ఉన్నవి అవే నాలుగు చిన్న కండరాలు. వాటికి రంగురంగుల పట్టీలు లేవు. వణుకు రాగానే చాలు అనే మనిషి లేడు. పని అయిపోతేనే ఆగాలి, లేదా చీకటి పడాలి. తెల్లారి ఆ చెయ్యి పైకెత్తి దువ్వెన పట్టుకోవడం ఎలా ఉంటుందో వాళ్లు ఎవరికీ చెప్పుకోలేదు. అడిగినవాళ్లూ తక్కువే.

అలా అడిగేవాళ్లుండటం ఒక అదృష్టం. ఆటలో ‘కొట్టు కొట్టు’ అని అరిచేవాళ్లకు కొదవ ఉండదు. కోచ్ అరుస్తాడు, గ్యాలరీ అరుస్తుంది, వీడియో తీస్తూ నాన్న అరుస్తాడు. ‘ఇవాళ్టికి చాల్లే’ అన్న ఒక్క గొంతు మీద పిల్లలు పైకి విసుక్కుంటారు గానీ, లోపల దాని మీదే ఆధారపడతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అవసరం రాకుండా చేసేది ఆ గొంతే.

ఇంట్లో ఆడే పిల్లలున్నవాళ్లకు ఒక చిన్న మనవి. భుజం నొప్పిగా ఉందా అని అడక్కండి, లేదనే అంటారు. రాత్రి ఎటు తిరిగి పడుకున్నావని అడగండి. ఆడే చెయ్యి కిందికి పెట్టుకుని పడుకోలేకపోతున్నానంటే, మధ్యలో నిద్ర లేస్తున్నానంటే, ఆ వారం రాకెట్ బీరువాలో పెట్టి ఒక మంచి ఫిజియో దగ్గరికి తీసుకెళ్లండి. టోర్నమెంటు వచ్చే నెలా ఉంటుంది.